కెమెరా పట్టుకోని డాక్యుమెంటరీ మనిషి: అపోహలు - వాస్తవాలు

పెళ్లిళ్లలో ఎవరైనా "ఏం చేస్తుంటావమ్మా?" అని అడిగితే "టీవీకి డాక్యుమెంటరీలు చేస్తాను" అంటాను. "యాంకరా?" అని వెంటనే రెండో ప్రశ్న. కాదంటే "మరి కెమెరానా?" అదీ కాదంటే అడిగినవారి ఆసక్తి అక్కడికక్కడే చల్లారిపోయి, చూపు భోజనాల వైపు మళ్లుతుంది. ఇరవై ఏళ్లుగా ఇదే వరస. టేపులకు చీటీలు అంటించే అసిస్టెంటుగా చేరి, ఇప్పుడు ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా సంతకాలు పెడుతున్నాను. ఈ మధ్య ఈ రంగంలోకి రావాలనుకుంటున్న కొందరు అమ్మాయిలతో మాట్లాడాను. వాళ్ల ఊహలు మా చుట్టాల ఊహలకు ఏమీ తీసిపోలేదు.

అపోహ: కెమెరా పట్టనివారిది పెత్తనమే గానీ పని కాదు.

షీలా నెవిన్స్ 1979లో అమెరికాలోని హెచ్‌బీవో ఛానల్లో 13 వారాల కాంట్రాక్టు మీద డాక్యుమెంటరీ విభాగంలో చేరారు. మధ్యలో కొంతకాలం వేరేచోటికి వెళ్లి తిరిగొచ్చారు. 2018లో బయటికి వచ్చేనాటికి ఆ విభాగానికి అధ్యక్షురాలు. ఏ కథకు డబ్బు పెట్టాలి, ఏ దర్శకుడికి ఇంకొంత గడువివ్వాలి, ఏ రఫ్ కట్ (సినిమా తొలి కూర్పు) ఇంకా ఉడకలేదు అని తేల్చడం ఆ కుర్చీలో కూర్చున్నవారి పని. మా స్థాయి వేరు, మా డబ్బు మరీ వేరు, పని మాత్రం అదే. దర్శకుడు సినిమాను ప్రేమిస్తే చాలు. నేను ప్రతి నిమిషానికీ జవాబు చెప్పాలి: ఛానల్‌కు, వకీలుకు, తెరమీద కనిపించిన మనిషికి.

అపోహ: గంట స్లాటుకు గంట సినిమా, నాలుగు రోజులు తీస్తే సరిపోతుంది.

మన కేబుల్ టీవీ నిబంధనల ప్రకారం గంటలో 12 నిమిషాల వరకు ప్రకటనలు వేసుకోవచ్చు. మీకు మిగిలేది 48. అందులోనూ ప్రతి బ్రేకు ముందు ప్రేక్షకుడి చెయ్యి రిమోట్ మీదికి పోకుండా ఏదో ఒకటి తేలకుండా ఉంచాలి. ఇక తీయడం సంగతి. 2023లో ఆస్కార్ అందుకున్న 'ది ఎలిఫెంట్ విస్పరర్స్' నిడివి సుమారు 41 నిమిషాలు. దర్శకురాలు కార్తికి గోన్సాల్వెస్ తమిళనాడులోని ముదుమలై అడవుల్లో దాదాపు ఐదేళ్లు తిరిగి తీసిన ఫుటేజీ 450 గంటలకు పైమాటే. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఊరికే చూడటానికే 56 రోజులు దాటుతుంది. ఏనుగు పిల్లకు కాల్‌షీట్ ఉండదు కదా! అలా వేచి ఉండటానికి ఒప్పుకున్న నిర్మాతలు గునీత్ మోంగా, అచిన్ జైన్. వేచి ఉండటానికి కూడా బడ్జెట్‌లో ఒక పద్దు వేయాలని నేను నేర్చుకునేసరికి పదేళ్లు పట్టింది.

అపోహ: ఇంటర్నెట్‌లో దొరికిందంటే వాడుకోవచ్చు.

వాడుకోకూడదు. 1977 దివిసీమ ఉప్పెన మీద చేసిన ఒక ఎపిసోడ్‌లో ఎక్కడో దొరికిన ఫోటోను 11 సెకన్లు చూపించాం. ఛానల్ న్యాయ విభాగం అడిగింది ఒకటే ప్రశ్న: "తీసినవారెవరు?" మా దగ్గర జవాబు లేదు. ప్రసారానికి ముందు రాత్రి ఎడిటర్, నేను కూర్చుని ఆ చోట ఒక మ్యాపు పెట్టాం. మన చట్టంలో సినిమాకు ప్రచురణ జరిగిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లు కాపీరైటు ఉంటుంది. ఫోటోకు 2012 సవరణ తర్వాత తీసినవారి జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు. 1908 మూసీ వరదలప్పుడే అచ్చయిన ఫోటోలకు పాత చట్టం కిందే గడువు తీరిపోయింది, ఆ బెడద లేదు. కానీ మంచి ప్రింటు ఎవరి బీరువాలో ఉందో వారు తీసి ఇచ్చినందుకు రుసుము అడగవచ్చు, అది వేరే లెక్క.

అపోహ: మహిళలకు వంటలు, పండుగలు, చేనేతల వంటి సున్నితమైన కథలు నప్పుతాయి.

మొదటి ఆరేళ్లు నాకు ఇచ్చినవన్నీ అవే. సాగునీటి ప్రాజెక్టు మీద ప్రతిపాదన పెడితే "సైటు దగ్గర ఇబ్బంది పడతారు మేడమ్" అన్నారు. అసలు ఈ కథల్ని సున్నితం అన్నది ఎవరో తెలియదు. 1980ల మొదట్లో డాక్యుమెంటరీ దర్శకురాలు దీపా ధన్‌రాజ్ తదితరుల యుగాంతర్ బృందం ఇళ్లలో పనిచేసేవారినీ, కర్ణాటకలోని నిపాణి పొగాకు ఫ్యాక్టరీల మహిళలనూ చిత్రించింది. అవి కూలి కోసం జరిగిన పోరాటాలు, అందులో సున్నితం ఏముంది? ఇబ్బంది మాత్రం నిజమే. రెక్కీకి, అంటే షూటింగ్‌కు ముందు చోటు చూసుకోవడానికి వెళ్తే మా దర్శకులు వెలుతురు ఎటునుంచి వస్తోందో చూస్తారు, నేను బాత్రూమ్ ఎక్కడుందో చూస్తాను. లాభం కూడా ఒకటుంది: మమ్మల్ని వంటింటిదాకా రానిస్తారు. కథ చాలాసార్లు అక్కడే ఉంటుంది.

అపోహ: రిలీజ్ ఫారం (తెరమీద కనిపించే మనిషి ఇచ్చే అనుమతి పత్రం) మీద సంతకం పడితే ఇక మన ఇష్టం.

పోచంపల్లి వైపు ఒక నేతకారుల ఇల్లు. ఇంటావిడకు యాభై దాటాయి. గుంట మగ్గం మీద కూర్చుని, నాడె ఆపకుండానే రెండు గంటలు మాట్లాడింది. నూలు అప్పు గురించి చెబుతూ, కూతురు దాచమని ఇచ్చిన నగలు తాకట్టు పెట్టానని గొంతు తగ్గించి చెప్పింది. కెమెరామన్ నావైపు చూశాడు. ఇదే మన సినిమా అని ఇద్దరికీ తెలుసు.

మాటలయ్యాక సౌండ్ రికార్డిస్ట్ ఎప్పటిలాగే అడిగాడు: "ఒక్క నిమిషం ఎవరూ మాట్లాడకండి, రూమ్ టోన్ తీసుకుంటాను." ఖాళీ గదికి కూడా ఒక శబ్దం ఉంటుంది, ఎడిటింగ్‌లో మాటల మధ్య అతుకులు తెలియకుండా ఉండాలంటే అది కావాలి. ఇంటిల్లిపాదీ బొమ్మల్లా నిలబడిపోయారు. పెరట్లో కోడి, పక్కింట్లో కుక్కరు. ఏదో తప్పు జరిగిందేమోనని ఆమె కంగారుగా నాకేసి చూసింది.

ఆ తర్వాత ఫారం. నాలుగు పేజీల ఇంగ్లిష్. ఆమె అప్పటికే సంతకం పెట్టేసింది. అయినా తెలుగులో చదివి వినిపించడం నా అలవాటు. "విశ్వవ్యాప్తంగా, శాశ్వతంగా, ఇకపై రాబోయే అన్ని మాధ్యమాల్లో..." దగ్గర ఆపింది.

"విశ్వం అంటే మా అల్లుడుగారి ఊరు కూడానా అమ్మా?"

"అవును అక్కా, అక్కడా వస్తుంది."

ఇంకేమీ అనలేదు. టీ పెట్టడానికి లేచింది.

చట్టప్రకారం ఆ నగల తాకట్టు భాగం మాదే. ఎడిటింగ్‌లో ఆ నిమిషం నలభై సెకన్లూ తీయించేశాను. దర్శకుడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. "ఇంత బలమైన భాగం ఎందుకు తీసేశారు?" అని ఛానల్ నుంచి మెయిల్ వచ్చింది. ఒక ఇంటి గుట్టు కాబట్టి, సంతకం పెట్టినప్పుడు ఆమెకు పూర్తిగా తెలియదు కాబట్టి, బాధ్యత నాది అని రెండు వాక్యాలు రాశాను. పోయిన మాటల చోట నాడె ఆగిన చేతులు, కింద ఆ రూమ్ టోన్. పక్కింటి కుక్కరు కూడా దూరంగా వినబడుతుంది.

ప్రసారమైన మర్నాడు ఆమె ఫోన్ చేసింది. అల్లుడు, కూతురు అందరూ చూశారట. నేను ఊపిరి పీల్చుకునేలోగా ఫిర్యాదు మొదలైంది.

"ఆ చీర నేరేడు రంగమ్మా. మీ టీవీలో నల్లగా వచ్చింది. చూసినవాళ్లు నేను రంగు సరిగా పట్టించలేదనుకోరూ?"