గోల్ పడ్డాక జట్టు ఎక్కడ నిలబడుతుంది?

2022 డిసెంబర్ ఆఖరుకి బెంగళూరు ఎఫ్‌సీ బాగా డీలా పడిపోయింది. ఐఎస్‌ఎల్‌లో, అంటే ఇండియన్ సూపర్ లీగ్ ఫుట్‌బాల్ పోటీలో, 12 మ్యాచ్‌లు ఆడితే గెలిచినవి మూడే, ఓడినవి ఎనిమిది. చేతిలో ఉన్నవి 10 పాయింట్లు. అందులో చివరి మ్యాచ్‌నైతే డిసెంబర్ 30న కోల్‌కతాలో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఇంజురీ టైమ్‌లో ఫ్రీకిక్ గోల్ తిని మరీ ఓడింది. తరవాత జనవరి వచ్చింది. అదే కోచ్ సైమన్ గ్రేసన్, దాదాపు అదే ఆటగాళ్లు. మిగిలిన 8 లీగ్ మ్యాచ్‌లూ వరసగా గెలిచేశారు. అప్పటిదాకా ఆ సీజన్లో ఓటమే ఎరగని ముంబై సిటీని కూడా ఫిబ్రవరి 15న తమ సొంత కంఠీరవ స్టేడియంలో ఓడించారు. 34 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచారు.

బెంగళూరులో మారతహళ్లి వైపు ఆఫీసుల్లో, పీజీ మెస్సుల్లో మన తెలుగువాళ్లు క్రికెట్ కబుర్లు అయ్యాకే ఇంకో ఆట ఊసెత్తుతారు. ఆ ఫిబ్రవరిలో మాత్రం ఫుట్‌బాల్ మాట బాగానే నడిచింది. అందరిదీ ఒకటే విశ్లేషణ: "కాన్ఫిడెన్స్ వచ్చేసింది బాస్, ఇంక వీళ్లని ఆపలేం." డిసెంబర్‌లో అదే నోటితో "కాన్ఫిడెన్స్ పోయింది" అన్నారు. గెలిస్తే ఉన్నట్టు, ఓడితే లేనట్టు. ఏ ఫలితానికైనా సరిపోయే కారణం నిజానికి దేన్నీ వివరించదు. అందుకే సైకాలజీ పరిశోధకులు ఈ మనోధైర్యం అనేదాన్ని అంత తేలిగ్గా నమ్మరు. ముందు దాని వాటా కానిదాన్ని తీసి పక్కన పెడతారు.

అలా పక్కన పెట్టాల్సినదాంట్లో పెద్ద భాగం అదృష్టం. ఫుట్‌బాల్‌లో మ్యాచ్ మొత్తానికి పడేవి రెండు మూడు గోల్స్. ఒక బంతి పోస్టుకి తగిలి లోపలికి పోయిందా, బయటికి పోయిందా అన్నదాని మీద మూడు పాయింట్లు తారుమారవుతాయి. కొన్ని వారాలు ఆ చిన్న చిన్న లెక్కలన్నీ ఎదురు తిరిగితే, మామూలు జట్టు కూడా ఘోరమైన జట్టులా కనబడుతుంది. ఆ తరవాత ఎవరూ ఏమీ చేయకపోయినా ఫలితాలు మళ్లీ తమ సగటు దగ్గరికి వస్తాయి. నెదర్లాండ్స్ లీగ్ మీద ఇద్దరు ఆర్థికవేత్తలు 2003లో ప్రచురించిన అధ్యయనం దీన్నే తేల్చింది. ఓటములు పేరుకున్నాక కోచ్‌ని తీసేసిన క్లబ్బులు కోలుకున్నాయి, నిజమే. అంతే దిగజారి, కోచ్‌ని తీసేయని క్లబ్బులు కూడా కోలుకున్నాయి, అంతకంటే నెమ్మదిగా ఏమీ కాదు. కొత్త కోచ్ వచ్చి జట్టులో ప్రాణం పోశాడని పత్రికలు రాసే కథల్లో చాలావాటికి ఈ ఒక్క అధ్యయనం గాలి తీసేస్తుంది. బెంగళూరు ఎనిమిది గెలుపుల్లో మొదటిది కూడా సీజన్ మొత్తానికి 5 పాయింట్లే తెచ్చుకున్న నార్త్ ఈస్ట్ యునైటెడ్ మీద వచ్చిందని గుర్తుంచుకోవాలి.

ఇదంతా తీసేశాక కూడా ఏదో మిగులుతుంది. స్టాన్‌ఫర్డ్ మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా దానికి ఒక రూపం ఇచ్చాడు. మనిషికి తన సామర్థ్యం మీద ఉండే నమ్మకం ఒకటి, "మేమందరం కలిసి ఈ పని చేయగలం" అని గుంపుకి ఉండే ఉమ్మడి నమ్మకం ఇంకొకటి. ఈ రెండోదాన్ని ఒక్కొక్కరి ధైర్యాన్ని విడివిడిగా కొలిచి, కూడి చెప్పలేం. పదకొండుమంది మొనగాళ్లకి ఒకరి మీద ఒకరికి నమ్మకం లేకపోవచ్చు.

ఆదివారం పొద్దున్నే మా వైపు ఏ టర్ఫ్‌కి వెళ్లినా తెలుగు వినబడుతుంది. గంటకింత అని అద్దె, ఐదుగురేసి ఆట, ఓడిన జట్టు బయటికి. మా గుంపులో కుడిపక్క ఆడే కడప కుర్రాడు ఒకడున్నాడు. స్కోరు 0-0 ఉన్నంతసేపూ, బంతి మాకు దొరకడం ఆలస్యం, వెనక్కి కూడా చూడకుండా ముందుకి పరిగెడతాడు. బంతి వస్తుందని వాడికి తెలుసు. రెండు గోల్స్ పడ్డాక కూడా పరుగు మానడు గానీ, ఒక్క క్షణం ఆగి వెనక్కి చూస్తాడు. పాస్ సరిగ్గా వస్తుందా? మధ్యలో పోతే నా చోటు ఖాళీ అయిపోతుందేమో? ఆ ఒక్క క్షణంలో ముందున్న సందు మూసుకుపోతుంది. పాస్ ఇవ్వాల్సినవాడికి ఎవరూ కనబడక గుడ్డిగా పొడుగ్గా కొడతాడు. బంతి పోతుంది.

"ఏరా, పరిగెత్తవేంట్రా?"

"నువ్వివ్వవు కదరా!"

ఇద్దరూ నిజమే చెబుతున్నారు. ఎవరి కాళ్లలోనూ బలం తగ్గలేదు. అవతలివాడు ఏం చేస్తాడన్న అంచనా మారిపోయింది. నాకు తెలిసినంతలో జట్టు మనోధైర్యం అంటే ఇదే, ఇంతకంటే గంభీరమైన రహస్యం ఏమీ లేదు. అది గుండెలో ఉంటుందంటారు గానీ, కంటికి కనబడేది మాత్రం మైదానం మీద ఎవరు ఎక్కడ నిలబడ్డారన్న దాంట్లోనే.

పెద్ద మైదానంలో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. రక్షణ వరసకీ ముందు వరసకీ మధ్య దూరం 30, 35 మీటర్లు దాటకుండా చూడమని చాలామంది కోచ్‌లు చెబుతారు. గోల్ పడగానే డిఫెండర్లు ఇంకోటి పడుతుందన్న భయంతో నాలుగడుగులు వెనక్కి వేస్తారు. ఫార్వర్డ్‌లు ఎలాగైనా ఒకటి కొట్టాలని నాలుగడుగులు ముందుకి వేస్తారు. ఎవరి నిర్ణయం వాళ్లకి సబబే. కలిపి చూస్తే జట్టు రబ్బరు బ్యాండులా సాగిపోతుంది, మధ్యలో ఖాళీ ఏర్పడుతుంది, పాస్‌లు పొడుగవుతాయి, బంతి అవతలివాళ్ల కాళ్ల మీద పడుతుంది.

ఉల్సూరు పక్కన గౌతమపురలో పెలే విగ్రహం ఉంది. ప్రపంచకప్ వచ్చిందంటే ఆ వీధులు బ్రెజిల్ జెండాలతో నిండిపోతాయి. 2014 జులై 8 రాత్రి అక్కడి జనానికి ఎలా గడిచిందో ఊహించుకోవచ్చు. సెమీఫైనల్లో జర్మనీ 7, బ్రెజిల్ 1. అందులో నాలుగు గోల్స్ 23వ నిమిషానికీ 29వ నిమిషానికీ మధ్యే పడ్డాయి. ఆరు నిమిషాల్లో ఎవరూ ఆట మర్చిపోరు. 26వ నిమిషంలో బ్రెజిల్ ఆటగాడు ఫెర్నాండిన్యో దగ్గర జర్మనీ ఆటగాడు టోనీ క్రూస్ బంతి లాక్కుని, ఖెదీరాతో ఒక పాస్ ఇచ్చి పుచ్చుకుని గోల్ కొట్టేశాడు. ఆ వీడియోలో బంతిని వదిలేసి చుట్టుపక్కల చూడండి: దగ్గరలో సాయానికి వచ్చినవాడు ఒక్కడూ ఉండడు. ఎవరికి వాళ్లు వేరే మంటలార్పడానికి పరిగెడుతున్నారు.

ఆ మ్యాచ్‌కి ముందే జట్టు కూర్పు చెదిరింది. నేమార్ వెన్నుపూస విరిగి ఆటకి దూరమయ్యాడు. అది ఎవరి చేతిలోనూ లేదు. కెప్టెన్ తియాగో సిల్వా లేకపోవడం అలాంటిది కాదు. అంతకుముందు కొలంబియా మ్యాచ్‌లో వాళ్ల గోల్‌కీపర్ బంతి తన్నబోతుంటే అనవసరంగా అడ్డం వెళ్లి పసుపు కార్డు తెచ్చుకున్నాడు. దాంతో సెమీఫైనల్‌కి సస్పెన్షన్. రక్షణ వరసని వెనక నుంచి అరిచి సర్దేవాడు, సరిగ్గా ఆ అరుపు అవసరమైన రోజున లేకుండా పోయాడు.

అలాంటి అరుపులు ఎందుకు ముఖ్యమో చెప్పే పరిశోధన ఒకటి క్రికెట్ నుంచే ఉంది. ఇంగ్లండ్‌లో పీటర్ టోటర్డెల్ అనే మనస్తత్వవేత్త కౌంటీ క్రికెటర్ల చేతికి చిన్న పాకెట్ కంప్యూటర్లిచ్చి, మ్యాచ్ జరుగుతుండగానే రోజుకి కొన్నిసార్లు తమ మూడ్ నమోదు చేయమన్నాడు. ఫలితాలు 2000లో వచ్చాయి. తన సొంత ఆట ఎలా ఉన్నా, మ్యాచ్ ఏ స్థితిలో ఉన్నా సంబంధం లేకుండా, ఒకరి మూడ్ తోటివాళ్ల మూడ్‌తో పాటే లేస్తూ పడుతూ ఉంది. నీరసం అంటువ్యాధే, హుషారూ అంతే.

ఎదురుదెబ్బ అనగానే ప్రతిదీ కుంగదీస్తుందని కూడా అనుకోకూడదు. 2018 మార్చి 17న కంఠీరవలోనే ఐఎస్‌ఎల్ ఫైనల్. లీగ్‌లో అగ్రస్థానంలో నిలిచిన బెంగళూరుకి 9వ నిమిషంలో సునీల్ ఛెత్రి గోల్ ఇచ్చాడు. చెన్నయిన్ డిఫెండర్ మైల్సన్ అల్వెస్ రెండు హెడర్లు కొట్టాడు, రెండోది సరిగ్గా విరామానికి ముందు. చివరికి 3-2తో కప్పు చెన్నైకి పోయింది. హాఫ్‌టైమ్ ముందు పడే గోల్ జట్టు నడ్డి విరుస్తుందని కామెంటేటర్లు ఎప్పుడూ అంటుంటారు. బెల్జియం పరిశోధకులు యూరప్ క్లబ్ పోటీల మ్యాచ్‌లు తీసుకుని లెక్కలేసి చూస్తే, ఆ సమయంలో కొట్టిన గోల్‌కి ప్రత్యేకమైన లాభం ఏమీ కనబడలేదు. పదిహేను నిమిషాల విరామం దొరుకుతుంది కదా! ఎవరు ఎక్కడ నిలబడాలో మళ్లీ మాట్లాడుకోవడానికి ఆ మాత్రం సమయం చాలు. బ్రెజిల్‌కి ఆ ఆరు నిమిషాల్లో దొరకనిది అదే.

ఇక ఎవరిని ఆడించాలన్న సంగతి. నా దృష్టిలో 2023 బెంగళూరు కథలో అసలు మలుపు ఇక్కడుంది. క్లబ్ మొదలైన 2013 నుంచీ దానికి ముఖంలా నిలిచిన ఛెత్రిని, భారత్ తరఫున అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టిన 38 ఏళ్ల మనిషిని, గ్రేసన్ బెంచీ మీద కూర్చోబెట్టాడు. 21 ఏళ్ల శివశక్తి నారాయణన్‌ని రాయ్ కృష్ణతో కలిపి ముందు నిలబెట్టాడు. ఇలాంటి నిర్ణయం జట్టుని రెండుగా చీల్చగలదు. తొలగించినవాడు డ్రెస్సింగ్ రూమ్‌లో మొహం ముడుచుకుంటే, అతన్ని ఇష్టపడేవాళ్లు కుర్రాడికి పాస్ ఇచ్చేముందు ఒక క్షణం ఆలోచిస్తారు. ఆ ఒక్క క్షణం ఎంత పని చేస్తుందో పైన చూశాం. ఇక్కడ అలా జరగలేదు. మార్చి 3న కేరళ బ్లాస్టర్స్‌తో నాకౌట్‌లో బెంచీ నుంచే వచ్చిన ఛెత్రి, ఎక్స్‌ట్రా టైమ్‌లో అవతలివాళ్లు గోడ కట్టుకునేలోపే ఫ్రీకిక్ కొట్టేశాడు. గోల్ చెల్లదంటూ కేరళ కోచ్ తన జట్టుని మైదానం నుంచి తీసుకెళ్లిపోయాడు, మ్యాచ్ బెంగళూరుదైంది. తరవాత ముంబైతో సెమీఫైనల్ మొదటి మ్యాచ్‌లోనూ బెంచీ నుంచి వచ్చి ఒకే ఒక్క గోల్ కొట్టింది అతనే.

తనకి వ్యతిరేకంగా వచ్చిన నిర్ణయాన్ని కూడా మనిషి భరిస్తాడు, అది తీసుకున్న తీరు న్యాయంగా ఉందనిపిస్తే. ఆఫీసు ప్రమోషన్ల నుంచి కోర్టు తీర్పుల దాకా ఈ సంగతి చాలా అధ్యయనాల్లో బయటపడింది. ప్రాక్టీసులో ఎవరు బాగా ఆడితే వాళ్లకే చోటు అన్న నియమం అందరికీ కళ్లెదుటే కనబడితే, బెంచీ మీద కూర్చున్నవాడి కసి ఆటలోకి మళ్లుతుంది. కనబడకపోతే చాడీల్లోకి మళ్లుతుంది. 2010 ప్రపంచకప్‌లో స్ట్రైకర్ అనెల్కాని ఇంటికి పంపేశారని ఫ్రాన్స్ ఆటగాళ్లు దక్షిణాఫ్రికాలో ప్రాక్టీసుకి దిగకుండా బస్సులో కూర్చుండిపోయారు. అంతకుముందు ప్రపంచకప్‌లో ఫైనల్ ఆడిన దేశం ఈసారి గ్రూపులో అట్టడుగున మిగిలింది.

మన హైదరాబాదీ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం ఈ పరిశోధనలేవీ రాకముందే ఇదంతా చేసి చూపించాడు. 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్ మొదటి మ్యాచే దక్షిణ కొరియా చేతిలో 0-2తో ఓడింది. ఆ టోర్నీలోనే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకి గాయమైంది. ఆ గాయంతోనే ఉన్న అతన్ని రహీం సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకి పంపాడు. ఫైనల్లో మళ్లీ అదే దక్షిణ కొరియా. రాజకీయ గొడవల వల్ల స్టేడియం అంతా భారత్‌కి వ్యతిరేకంగా హోరెత్తుతోంది. 2-1తో స్వర్ణం మనదే, ఒక గోల్ పీకే బెనర్జీది, ఇంకోటి జర్నైల్‌ది. గాయపడినవాడిని సానుభూతితో కూర్చోబెట్టకుండా, అతను చేయగలిగిన పని వెతికి ఇవ్వడంలో ఉన్న తెలివి అది.

ప్రేక్షకుల హోరు విషయంలో మాత్రం పరిశోధన కాస్త నిరాశపరుస్తుంది. 2020 మేలో జర్మన్ లీగ్ ఖాళీ స్టేడియాల్లో మళ్లీ మొదలయ్యాక సొంతగడ్డ లాభం తగ్గింది. దాంతోపాటు బయటి జట్లకి పడే పసుపు కార్డులూ తగ్గాయి. అంటే ఆ అరుపుల్లో కొంత భాగం ఆటగాళ్ల కంటే రిఫరీ మీదే పనిచేస్తోందన్నమాట. కంఠీరవలో వెస్ట్ బ్లాక్‌లో కూర్చుని అరిచే బెంగళూరు అభిమానులకి ఈ సంగతి చెప్పి చూడండి, ఒప్పుకోరు!

మనోధైర్యాన్ని దాదాపు కంటితో చూడగలిగే చోటు పెనాల్టీ షూటౌట్. నార్వే పరిశోధకుడు గెయిర్ యోర్డెట్ పెద్ద టోర్నీల షూటౌట్లన్నీ ముందేసుకుని చూశాడు. "ఇది కొడితే గెలుస్తాం" అన్న షాట్లలో 90 శాతానికి పైగా గోల్స్. "ఇది పోతే ఓడిపోతాం" అన్నప్పుడు 60 శాతం ఆసుపాసులకి పడిపోయింది. అదే బంతి, అవే 11 మీటర్లు. 2023 మార్చి 12న కంఠీరవలో ముంబైతో రెండో సెమీఫైనల్ షూటౌట్‌కి వెళ్లింది. రెండు వైపులా ఎనిమిదేసి గోల్స్ పడ్డాక, ముంబై తొమ్మిదో షాట్‌ని బెంగళూరు గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ ఆపాడు. కొడితే గెలుపు అన్న షాట్‌ని సందేశ్ జింగన్ లోపలికి పంపాడు, 9-8. ఆరు రోజుల తరవాత గోవాలో ఏటీకే మోహన్ బగాన్‌తో ఫైనల్ కూడా షూటౌట్‌కే వెళ్లింది. పోతే ఓటమి అన్న బెంగళూరు ఐదో షాట్ బారు పైనుంచి వెళ్లిపోయింది, కప్పు మోహన్ బగాన్‌దైంది. రెండు షాట్లతో సిద్ధాంతం రుజువు కాదు గానీ, యోర్డెట్ లెక్కలు ఎలాంటి క్షణాల నుంచి పోగయ్యాయో చూపిస్తాయి.

అతని బృందమే ఇంకో సంగతి కూడా గమనించింది. గోల్ కొట్టాక రెండు చేతులూ చాచి, ఛాతీ విరుచుకుని సంబరం చేసుకున్నవాడి జట్టు చివరికి గెలిచే అవకాశం ఎక్కువ. ఆ వెంటనే వచ్చే ప్రత్యర్థి షాట్ తప్పే అవకాశమూ ఎక్కువే. షాట్ పోయినవాడికి పెనాల్టీ కొట్టిన చోటు నుంచి మైదానం మధ్యలో నిలబడ్డ తన వరస దాకా ఒంటరిగా నడిచి రావడం భయంకరమైన దూరం. అందుకే ఇప్పుడు కొన్ని జట్లు అతను తిరిగి వచ్చేలోపే ఒకరిని ఎదురు పంపుతున్నాయి.