రక్తం ఎప్పుడు తీశారు?

మా చెల్లి కొడుక్కి మూడో నెలలో గుండెలో రంధ్రం ఉందని తెలిసింది. పాలు తాగుతుంటే రొప్పేవాడు, నుదురంతా చెమట. డాక్టర్ డైజాక్సిన్ సిరప్ రాశారు, పొద్దున 0.5 ఎంఎల్, రాత్రి 0.5 ఎంఎల్. ఉప్పల్‌లో వాళ్లింట్లో మా అమ్మ దాన్ని ఉగ్గుగిన్నెలో పాలల్లో కలిపి పట్టేది, వాడేమో సగం తాగి ముఖం తిప్పేసుకునేవాడు. మిగిలిన సగం పాలతో పాటు మందు కూడా గిన్నెలోనే ఉండిపోయేది.

వేరే మందైతే సరే అనుకోవచ్చు, డైజాక్సిన్‌తో అలా కుదరదు. ఫాక్స్‌గ్లోవ్ అనే పూల మొక్క జాతి నుంచి వచ్చిన మందు ఇది. ఆ మొక్క ఆకుతో చేసిన వైద్యం గురించి ఇంగ్లండ్ డాక్టర్ విలియం వితరింగ్ 1785లోనే పుస్తకం రాశాడు. గుండె కొట్టుకోవడానికి బలం ఇస్తుంది, వేగాన్ని తగ్గిస్తుంది. కానీ మేలు చేసే మోతాదుకీ విషమయ్యే మోతాదుకీ మధ్య దూరం చాలా తక్కువ. రక్తంలో మామూలుగా ఎంఎల్‌కి 0.5 నుంచి 2 నానోగ్రాముల మధ్య ఉండేలా చూస్తారు. నానోగ్రాము అంటే గ్రాములో 100 కోట్లవ వంతు.

మాకు అసలు టెన్షన్ పెట్టింది రక్తపరీక్ష. పొద్దున ఎనిమిదింటికి మందు వేశారు, తొమ్మిదింటికి ఒక ల్యాబ్‌లో రక్తం తీశారు, మందు ఎప్పుడు వేశారని ఎవరూ అడగలేదు. రిపోర్టులో లెవెల్ చాలా ఎక్కువ వచ్చింది, చెల్లి ఏడుపు. జరిగిందేమిటంటే, సిరప్‌లో 70 నుంచి 85 శాతం మందు పేగుల నుంచి ముందు రక్తంలోకి చేరుతుంది, అక్కడి నుంచి గుండె కండరంలోకి, మిగతా కండరాల్లోకి మెల్లగా సర్దుకోవడానికి ఆరు నుంచి ఎనిమిది గంటలు పడుతుంది. ఆలోపు తీస్తే అంకె ఎక్కువగానే కనిపిస్తుంది, గుండెకి అందింది ఎంతో మాత్రం అది చెప్పదు. మర్నాడు మందు వేయడానికి ముందు తీస్తే మామూలుగానే ఉంది.

పిల్లల్లో ఇంకో చిక్కు కిడ్నీలు. ఈ మందు ఎక్కువగా మూత్రంలోనే పోతుంది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో సగం మందు బయటికి పోవడానికి రెండు మూడు రోజులు, ఇంకా ఎక్కువే పట్టొచ్చు, అదే కొన్ని నెలల బిడ్డలో దాదాపు ఒక్క రోజులోనే పోతుంది. అందుకే బిడ్డ పెరిగేకొద్దీ మోతాదు మళ్లీ మళ్లీ లెక్కేస్తారు, పోయిన నెల చీటీ ఈ నెలకి పనికిరాకపోవచ్చు. మన ఎండాకాలం వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఒంట్లో నీరు తగ్గి కిడ్నీలు మందగిస్తాయి, పొటాషియం పడిపోతుంది, అప్పుడు అదే 0.5 ఎంఎల్ ఎక్కువైపోతుంది. ఎరిత్రోమైసిన్, క్లారిత్రోమైసిన్ లాంటి యాంటీబయాటిక్స్ కూడా లెవెల్ పెంచుతాయి, కాబట్టి దగ్గుకి వీధి చివర క్లినిక్‌కి వెళ్లినా ఈ మందు పేరు ముందే చెప్పాలి.

పాలు వద్దనడం, వాంతులు, నాడి నెమ్మదించడం మందు ఎక్కువైందనడానికి గుర్తులు కావచ్చు, వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయాలి. మందు వేశాక కక్కేస్తే, వాళ్లని అడగకుండా మళ్లీ వేయొద్దు. ఇంట్లో స్పూన్‌తో అసలు కొలవొద్దు, 0.5కి బదులు 5 పడితే పది రెట్లు.

ఇప్పుడు చెల్లి సూది లేని సిరంజితో మందుని నేరుగా బుగ్గ లోపలికి వేస్తోంది, పాలు ఆ తర్వాతే. వేసిన టైమ్ వంటింటి క్యాలెండర్ మీద రాస్తోంది.