కొరియా డ్రాయింగులూ లండన్ అధ్యయన గదులూ: తరలింపు వివాదం వెనుక కథ

ప్రభుత్వ రంగ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కోసం 1960ల చివర్లో ఆర్కిటెక్టు చార్లెస్ కొరియా రూపొందించిన కార్యాలయ భవనం హైదరాబాద్‌లో ఆర్కిటెక్చర్ చదివేవారికి కళ్ళెదుట ఉన్న పాఠం. 1930లో సికింద్రాబాద్‌లో పుట్టిన కొరియా తన 6,000కు పైగా డ్రాయింగులను లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ బ్రిటిష్ ఆర్కిటెక్ట్స్‌కు ఇచ్చేశారు. అందరూ రిబా అని పిలిచే ఆ ఆర్కిటెక్టుల వృత్తి సంఘం ఆ కానుకకు గుర్తుగా 2013లో ఆయన పని మీద పెద్ద ప్రదర్శన నిర్వహించింది. రెండేళ్ళకు, 2015లో, ఆయన కన్నుమూశారు. ఇప్పుడు రిబా సంగ్రహాలు మళ్ళీ తరలుతున్నాయి. పోర్ట్‌లండ్ ప్లేస్‌లోని ప్రధాన భవనం పునరుద్ధరణ పనుల కోసం 2025లో మూతపడింది. తరలింపు జరుగుతున్నంత కాలం, అసలు కాగితాలను పాఠకుల ముందు పెట్టే అధ్యయన గదుల్లో ఏం చూపిస్తారు, ఎవరికి చూపిస్తారు అన్న ప్రశ్న పరిశోధకుల ముందు నిలిచింది. సర్దే పని మధ్యలో పెట్టెలు తీయడం కుదరదని ఒక వాదన, ఒక్క బల్లయినా తెరిచి ఉంచాలని పరిశోధకుల కోరిక, వివాదమంతా ఇదే. మన ఊళ్ళ భవనాల పుట్టుపూర్వోత్తరాలు ఆ పెట్టెల్లో ఉండే అవకాశం ఉంది కనుక ఇది మనకూ సంబంధించిన విషయమే.

రిబా 1834లో ఎలా పుట్టింది, 1894లో డెవన్‌షర్ డ్యూక్ నుంచి ఇటలీ ఆర్కిటెక్టు పల్లాడియో డ్రాయింగులు 300కు పైగా దానికి ఎలా వచ్చాయి అన్నవి ఇప్పటికే చాలామంది రాసిన సంగతులు. నేటి వివాదం అర్థం కావాలంటే చూడవలసినది 2004 నవంబరు. అంతకు ముందు మూడు దశాబ్దాలపాటు పుస్తకాలూ ఛాయాచిత్రాలూ పోర్ట్‌లండ్ ప్లేస్‌లో ఉంటే, డ్రాయింగులు పోర్ట్‌మన్ స్క్వేర్‌లోని మరో పాత ఇంట్లో ఉండేవి. అక్కడ 1972లో తెరిచిన హైంజ్ గ్యాలరీలో క్యూరేటర్ జాన్ హారిస్ పెట్టిన ప్రదర్శనలే, భవనం గీత కూడా బొమ్మలా గోడకెక్కించి చూడదగినదని లండన్ వాసులకు నేర్పాయి. ఆ ఇల్లు వదలవలసి వచ్చినప్పుడు రిబా తన డ్రాయింగులనూ రాతప్రతులనూ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియానికి తీసుకెళ్ళింది. మ్యూజియం హెన్రీ కోల్ విభాగంలో రెండు సంస్థల వాస్తు సంగ్రహాలనూ ఒకే బల్ల మీద చూడగలిగే అధ్యయన గదులు తెరుచుకున్నాయి. సంస్థ సభ్యులై ఉండనవసరం లేకపోయింది, రుసుమూ లేకపోయింది, ముందుగా సమయం తీసుకుంటే సరిపోయేది. బ్రిటిష్ ఆర్కిటెక్టు లుట్యెన్స్ ఆఫీసులో కొత్త ఢిల్లీ కోసం గీసిన కాగితాన్ని ఒక విద్యార్థి జానెడు దూరం నుంచి చూడగలిగేవాడు. ఈ వ్యాసకర్త దృష్టిలో ఆనాటి నుంచి ఆ సంగ్రహం ఒక వృత్తి సంఘం ఆస్తిగా మాత్రమే మిగలలేదు, పాఠకుల హక్కు కూడా అందులో కలిసింది. కొరియా తన కాగితాలను అప్పగించింది ఈ ఏర్పాటు నడుస్తున్న రోజుల్లోనే.

తరలింపును సమర్థించేవారి వాదన సూటిగా ఉంటుంది. రిబా సంగ్రహంలో 40 లక్షలకు పైగా వస్తువులున్నాయి. కదిపే ముందు ప్రతిదాన్నీ లెక్కించి, స్థితి నమోదు చేసి, తగిన పెట్టెలో సర్ది, కొత్త స్థలం సంఖ్యను జాబితాలో ఎక్కించాలి. ఆ పని మధ్యలో పాఠకుడు అడిగాడని ఒక పెట్టె బయటికి తీస్తే వరుస తప్పుతుంది, వరుస తప్పిన కాగితం పోయినదానితో సమానం. పాత భవనం వసతులు కూడా మెరుగుపడవలసిందే. ఇందులో కాదనవలసినది ఏమీ లేదు.

అయితే పాఠకుల వైపు నుంచి చూస్తే సంగతి ఇంకా లోతుగా ఉంది. అధ్యయన గదిలో జరిగే పని ఏమిటో తెలిస్తేనే వారి ఆవేదన బోధపడుతుంది. లోపలికి పెన్ను తీసుకురానివ్వరు, పెన్సిలే వాడాలి. పాత ట్రేసింగ్ పేపరు అప్పడంలా పెళుసుబారి ఉంటుంది. చుట్ట విప్పి నాలుగు మూలలా మెత్తని బరువులు పెట్టేసరికి సహాయకుడికి ఊపిరి బిగపట్టినంత పనవుతుంది. అప్పుడు షీటును ఏటవాలు వెలుతురులో చూస్తే, డ్రాఫ్ట్స్‌మన్ ఒకచోట సిరా గీతను బ్లేడుతో గీకి, అదే చోట గోడను అంగుళం పక్కకు జరిపి మళ్ళీ గీసిన గరుకు మచ్చ కనిపిస్తుంది. ఆర్కిటెక్టు మనసు మార్చుకున్న క్షణం అదే. ఫొటోలో ఆ గరుకు చాలావరకు చదునైపోతుంది. అందుకే స్కాన్ పంపిస్తాం చాలదా అన్న మాటకు, చాలదని పరిశోధకులు జవాబిస్తారు.

డిజిటల్ ప్రతి మీద పూర్తిగా ఆధారపడితే ఏమవుతుందో లండన్ ఇటీవలే చూసింది. 2023 అక్టోబరులో బ్రిటిష్ లైబ్రరీ మీద సైబర్ దాడి జరిగాక, అక్కడ డిజిటైజ్ చేసిన రాతప్రతులు నెలల తరబడి ఆన్‌లైన్‌లో అందలేదు. మన అమరావతి స్తూపం శిల్పాలను 1816 తర్వాత కాలిన్ మెకంజీ బృందం గీసిన బొమ్మలున్నది ఆ లైబ్రరీలోనే.

అమరావతి ప్రస్తావన ఇక్కడ ఊరికే రాలేదు. వాల్టర్ ఇలియట్ 1845లో తవ్వించిన శిల్పాలు మద్రాసులో ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ పడి ఉండి, 1859లో లండన్ చేరాయి. అక్కడా రేవు గిడ్డంగి నుంచి ఇండియా మ్యూజియం ఉన్న ఫైఫ్ హౌస్‌కు మారి, చివరికి గుర్రపు బండ్ల షెడ్డులో మిగిలాయి. 1867లో జేమ్స్ ఫెర్గుసన్ అనే వాస్తు చరిత్రకారుడు అక్కడ వాటిని గుర్తించి వెలికి తీశారు. 1880 నాటికి బ్రిటిష్ మ్యూజియం చేరేదాకా వాటికి స్థిరమైన చోటు లేదు. ఆ రాళ్ళను ఎవరూ దొంగిలించలేదు, కావాలని దాచనూ లేదు. కదులుతున్న కాలంలో వాటిని చూడాలని అడిగే మనిషి లేకపోవడమే వాటి మీద పడిన దెబ్బ. అధ్యయన గదిలో ఒక్క బల్లయినా తెరిచి ఉంచమని నేటి పరిశోధకులు కోరేది ఇందుకే. అడిగేవాడు ఉన్నంతకాలం ఆ పెట్టె ఎక్కడుందో సిబ్బందిలో ఒకరు గుర్తుపెట్టుకోక తప్పదు.

లండన్‌లో ఉండేవారికి ఈ జాప్యం ఒక అసౌకర్యం మాత్రమే, వచ్చే ఏడాది వెళ్ళి చూసుకోగలరు. హైదరాబాద్ నుంచో విజయవాడ నుంచో వెళ్ళే విద్యార్థి పరిస్థితి అది కాదు. వీసా, విమానం టికెట్టు, గది అద్దె, పరిశోధన గైడు ఇచ్చిన గడువు అన్నీ ఒకే ఒక్క ప్రయాణం చుట్టూ ముడిపడి ఉంటాయి. అంత దూరం వెళ్ళాక, కావలసిన చుట్ట ప్యాకింగ్‌లో ఉందంటే పరిశోధన అంశమే మార్చుకోవలసి వస్తుంది. కొరియా కాగితాల విషయంలో ఇది మరీ బాధాకరం. ఆయన భవనాల్లో ఎక్కువ భాగం ఈ దేశపు ఎండనూ గాలినీ లెక్కలోకి తీసుకుని కట్టినవి, వాటి మీద పని చేయాలనుకునేవారిలో ఎక్కువమంది ఇక్కడివారే.

సంగ్రహాలన్నీ ఒకేసారి మూతపడాలన్న నియమం ఏమీ లేదు. ఏ ఆర్కిటెక్టు కాగితాలు ఏ నెలలో కదులుతాయో, ఏ నెలలో తిరిగి బల్ల మీదికి వస్తాయో తెలిపే పట్టికను ఆరు నెలల ముందే ప్రకటించడం సాధ్యమే. పెట్టె మూసే ముందు స్థితి నమోదు ఎలాగూ జరుగుతుంది కాబట్టి, దూరం నుంచి రాసి అడిగినవారికి ఆ సమయంలోనే షీటును ఏటవాలు వెలుతురులో ఫొటో తీసి పంపవచ్చు. ప్రస్తుతం వెళ్ళదలచినవారు టికెట్టు కొనకముందే కావలసిన డ్రాయింగుల సంఖ్యలను ఒక్కొక్కటిగా రాసి పంపి, అవి ఫలానా తేదీన అందుతాయన్న జవాబును రాతపూర్వకంగా తెప్పించుకోవాలి.