పాత పాటల చాటున కొత్త కోపం: మైకేల్ జాక్సన్ ‘హిస్టరీ’ నేపథ్యం

ఇంట్లో ఉన్న పాటలకే మళ్లీ డబ్బు పెట్టమంటే ఎవరికైనా చిరాకు పుడుతుంది. 1995 జూన్‌లో ‘హిస్టరీ’ విడుదల చేసినప్పుడు మైకేల్ జాక్సన్ అభిమానుల ముందు పెట్టిన బేరం అలాంటిదే. ఒక పెట్టె, రెండు సీడీలు, 30 పాటలు. మొదటి సీడీలో ‘బిల్లీ జీన్’, ‘థ్రిల్లర్’, ‘బీట్ ఇట్’, ‘బ్యాడ్’ లాంటి 15 పాతవి. రెండోదానిలో 15 కొత్తవి. ఏదో ఒకటి చాలు అనుకునే వీల్లేదు. కొత్త పాటలు వినాలంటే, ఇంట్లో అరిగిపోయేదాకా విన్న పాతవాటిని కూడా ఇంకోసారి కొని తీరాలి.

ఈ బేరాన్ని జాక్సన్ కనిపెట్టలేదు. దీని మూలరూపం సరిగ్గా ఆయన పుట్టిన ఏడాదే పుట్టింది. 1958లో కొలంబియా రికార్డు సంస్థకు చిక్కొచ్చింది. జానీ మాథిస్ అనే గాయకుడు మంచి ఊపులో ఉన్నాడు, కానీ కొత్త ఆల్బం పాడటానికి అందుబాటులో లేడు. అప్పటికే సింగిల్స్‌గా, అంటే విడివిడి పాటల రికార్డులుగా, వచ్చిన పాటలను ఒక ఎల్పీ (పెద్ద రికార్డు) మీదకు చేర్చి ‘జానీస్ గ్రేటెస్ట్ హిట్స్’ అని పేరుపెట్టి మార్కెట్లోకి వదిలారు. అది మొత్తంమీద తొమ్మిదేళ్లకు పైగా అమెరికాలో బిల్‌బోర్డ్ పత్రిక వేసే ఆల్బం చార్టులో కనిపించింది. కంపెనీలకు ఆ పాఠం ఇట్టే తలకెక్కింది. స్టూడియో అద్దె లేదు, వాద్యకారుల కూలి లేదు, పాట ఆడుతుందో లేదో అన్న బెంగ అసలే లేదు. అసలు రికార్డింగులున్న మాస్టర్ టేపులు ఎటూ కంపెనీవే. 1976లో వచ్చిన ఈగల్స్ బృందం హిట్ల సంకలనం ఈ లెక్కకు పరాకాష్ఠ. అమెరికాలో అత్యధికంగా అమ్ముడైన ఆల్బంగా 2018లో అది జాక్సన్ ‘థ్రిల్లర్’నే దాటేసింది. కష్టపడి చేసిన ఆల్బంను ఒక ఏర్చికూర్చిన సంకలనం దాటడం నాకైతే కొంచెం అన్యాయంగానే అనిపిస్తుంది.

హిట్ల సంకలనాలు తెలుగువాళ్లకు కొత్తకాదు. 1980లలో, 90లలో మన ఊళ్ల క్యాసెట్ దుకాణాల్లో ఘంటసాల హిట్స్, భక్తి గీతాలు, విషాద గీతాలు వరసగా పేర్చి ఉండేవి. అవి చాలవనుకుంటే మనమే చీటీ మీద పాటలు రాసిస్తే దుకాణదారు 60 నిమిషాల ఖాళీ క్యాసెట్‌లోకి ఎక్కించి ఇచ్చేవాడు. చివరి పాట సగంలో టేపు అయిపోతే అది మన ఖర్మ. అయితే ఆ సంకలనాల్లో ఎవరూ కొత్త పాట కలపలేదు. కలిపే వీలే లేదు, ఎందుకంటే మన పాట సినిమాది. కొత్త పాట కావాలంటే కొత్త సినిమా రావాలి. పాశ్చాత్య పాప్ సంగీతంలో పాట గాయకుడిది, ఆల్బం గాయకుడిది. అందుకే హిట్ల మధ్య ఒక కొత్త పాటను గుచ్చే ఉపాయం అక్కడ చెల్లింది.

ఆ ఉపాయం కూడా పాతదే. 1971లో బాబ్ డిలాన్ రెండో హిట్ల సంకలనంలో అంతకుముందు ఏ ఆల్బంలోనూ రాని పాటలు చేర్చారు. 1985లో బిల్లీ జోయెల్ సంకలనంలో రెండు కొత్తవి, 1990లో మడోనా ‘ది ఇమాక్యులేట్ కలెక్షన్’లో మరో రెండు. అన్నీ కొనేసిన వీరాభిమానిని మళ్లీ దుకాణానికి రప్పించాలంటే అతని దగ్గర లేనిది ఏదో ఒకటి ఉండాలి. రేడియోకూ కొత్తది కావాలి. అందువల్ల ఆ ఒకటి రెండు పాటలు గాలానికి గుచ్చిన ఎరలు. అమ్మదలచుకున్న సరుకు మాత్రం పాతదే.

జాక్సన్ విషయంలో మొదట అనుకున్నదీ అదే. ‘బ్యాడ్’ ఆల్బం తర్వాత ‘డెకేడ్’ పేరుతో ఒక సంకలనం తీసుకురావాలని, నాలుగైదు కొత్త పాటలు కలపాలని ఆలోచన చేశారు. కానీ స్టూడియోలోకి వెళ్లిన జాక్సన్ బయటికి రాలేదు. కొత్త పాటలు పెరుగుతూ పోయాయి, పాతవి జారిపోయాయి. చివరికి 1991లో వచ్చింది పూర్తిగా కొత్త ఆల్బం ‘డేంజరస్’. సంకలనం అటకెక్కింది.

అది మళ్లీ కిందికి దిగేసరికి పరిస్థితి తలకిందులైంది. 1993 ఆగస్టులో, ‘డేంజరస్’ ప్రపంచ యాత్ర నడుస్తుండగా, జాక్సన్ ఒక బాలుడిపై లైంగిక అత్యాచారానికి పాల్పడ్డాడన్న ఆరోపణ బయటపడింది. ఆయన దాన్ని ఖండించారు. నవంబర్‌లో మెక్సికో సిటీలో యాత్ర మధ్యలోనే ఆగిపోయింది. నొప్పి మాత్రలకు అలవాటు పడ్డానని ఆయనే ప్రకటించారు. ఆయనతో ప్రచార ఒప్పందం ఉన్న పెప్సీ దూరమైంది. 1994 జనవరిలో సివిల్ దావా కోర్టు బయట డబ్బు చెల్లింపుతో ముగిసింది. క్రిమినల్ అభియోగాలు నమోదు కాలేదు. అదే ఏడాది మే నెలలో ఎల్విస్ ప్రెస్లీ కూతురు లిసా మేరీతో పెళ్లి జరిగింది. పత్రికలు దాన్నీ వదల్లేదు.

ఈ స్థితిలో జాక్సన్ ఉత్త కొత్త ఆల్బం ఒక్కటే పట్టుకుని జనం ముందుకు వచ్చి ఉంటే, పాటల కంటే ముందు ఆరోపణలను తూకం వేసేవారు. హిట్ల సంకలనం ఒక్కటే వచ్చి ఉంటే, పని అయిపోయిన మనిషి అనేవారు. రెండూ ఒకే పెట్టెలో పెట్టడంతో అమరిక తిరగబడింది. మామూలుగా కొత్త పాటలు ఎర. ఇక్కడ పాత పాటలే ఎర అయ్యాయి. జనం ప్రేమించిన 15 పాటలను ముందు నిలబెట్టి, వాటి చాటున జనానికి రుచించని మాటలు చెప్పారు. ఇది కంపెనీ వేసిన ఎత్తా, జాక్సన్ పంతమా అని విడదీయడం కష్టం. నేనైతే పంతం వైపే మొగ్గుతాను.

ఎందుకంటే రెండో సీడీ అమ్మకం కోసం చేసినట్లు ఉండదు. మొదటి పాట పేరే ‘స్క్రీమ్’, అంటే అరుపు. చెల్లెలు జానెట్‌తో కలిసి పాడిన ఈ పాట వీడియోకు సుమారు 70 లక్షల డాలర్లు అయిందని చెబుతారు. ‘టాబ్లాయిడ్ జంకీ’ పత్రికల మీద, ‘మనీ’ డబ్బు మీద విసుర్లు. ‘డీ.ఎస్.’ అనే పాటలో పదేపదే వినిపించే పేరు, తన మీద దర్యాప్తు నడిపిన శాంటా బార్బరా ప్రాసిక్యూటర్ టామ్ స్నెడన్ పేరును పోలి ఉంటుంది. ఉద్దేశం ఎవరికైనా తెలిసిపోతుంది. పదేళ్ల తర్వాత అదే స్నెడన్ వేరే బాలుడి కేసులో జాక్సన్‌ను కోర్టుకు లాగడం, 2005లో జ్యూరీ నిర్దోషిగా తేల్చడం తర్వాతి సంగతి. ఆ తీర్పుతో చర్చ ఆగలేదు. 2019లో వచ్చిన ఒక డాక్యుమెంటరీలో మరో ఇద్దరు చేసిన ఆరోపణలతో అది మళ్లీ రాజుకుంది.

ఆ సీడీలో నాకు అన్నిటికంటే దగ్గరైనది ‘స్ట్రేంజర్ ఇన్ మాస్కో’. 1993 సెప్టెంబర్‌లో, ఆరోపణలు వెలువడిన కొద్ది వారాలకు, జాక్సన్ మాస్కోలో వానలో కచేరీ చేశారు. పాట అక్కడ ఉండగానే పుట్టింది. అరుపు లేదు, నిందలు లేవు. నెమ్మదిగా కొట్టుకునే తాళం, ఎవరూ తెలియని ఊళ్లో ఒంటరిగా నడుస్తున్న మనిషి గొంతు. కోపం చల్లారాక మిగిలేది ఇందులో ఉంది. ‘స్క్రీమ్’ వెంట పడిన పత్రికలు దీన్ని అంతగా పట్టించుకోలేదు.

‘కొత్తవి’ అన్న మాటలో కాసిన్ని నీళ్లు కలిశాయని కూడా చెప్పుకోవాలి. ఈ సీడీలో ఉన్న, బీటిల్స్ పాట ‘కమ్ టుగెదర్’కు జాక్సన్ పాడిన రూపం 1988 నాటి ఆయన సినిమాలోనే వినిపించింది. బీటిల్స్ పాటల హక్కుల్లో అత్యధిక భాగమున్న ఏటీవీ సంస్థను ఆయన 1985లోనే 4 కోట్ల 75 లక్షల డాలర్లకు కొన్నారు. ఆ విధంగా చూస్తే సొంత తోటలో కాయ కోసుకున్నట్లే.

పెద్ద దెబ్బ మాత్రం ‘దే డోంట్ కేర్ అబౌట్ అస్’ వల్ల తగిలింది. అన్యాయాన్ని ఎదిరించే పాటలో యూదులను కించపరిచే పదాలు దొర్లాయని ఆల్బం విడుదల వేళకే న్యూయార్క్ టైమ్స్ రాసింది. బాధితుడి నోట పలికించిన మాటలవి అని జాక్సన్ వాదించారు, క్షమాపణ చెప్పారు, చివరికి ఆ ముక్కను మార్చి మళ్లీ పాడారు. దాని వీడియోను దర్శకుడు స్పైక్ లీ బ్రెజిల్‌లో తీశారు. అక్కడి ఒలోదూం వాద్య బృందం డప్పుల మోత ఇప్పటికీ ఆ పాటను నిలబెడుతోంది.

ఇంత కోపం నిండిన సీడీని అమ్మడానికి కంపెనీ వేసిన వేషం మాత్రం చక్రవర్తిది. ప్రచారానికి 3 కోట్ల డాలర్లు పెట్టారని అప్పట్లో వార్త. ఆల్బం పేరులో ఇంగ్లీషులో ‘అతని’ అనే అర్థమిచ్చే మొదటి మూడు అక్షరాలను పెద్దవిగా అచ్చు వేశారు. చరిత్ర కాస్తా ‘అతని కథ’ అయింది. అట్ట మీద జాక్సన్ విగ్రహం, సైనిక దుస్తులు, బిగించిన పిడికిళ్లు. అలాంటి విగ్రహాలే, ఒక్కొక్కటి దాదాపు 10 మీటర్ల ఎత్తున చేయించి యూరప్ నగరాల్లో నిలిపారు. ఒకదాన్ని పడవ మీద ఎక్కించి లండన్‌లో థేమ్స్ నదిపై ఊరేగించారు. 1996 సెప్టెంబర్‌లో ప్రపంచ యాత్ర ప్రాగ్‌లో మొదలైనప్పుడు అక్కడి లెత్నా కొండ మీద, 1962లో కూల్చేసిన స్టాలిన్ విగ్రహం ఉండే చోటే, జాక్సన్ విగ్రహం నిలబెట్టారు. పత్రికల వాళ్లు నన్ను వేటాడుతున్నారని లోపల పాట ఏడుస్తుంటే, బయట నియంతల భంగిమ. ఈ పొంతనలేనితనాన్ని విమర్శకులు ఉతికి ఆరేశారు. వాళ్లను తప్పుపట్టలేం.

ఆ యాత్రే మన దేశానికీ వచ్చింది. 1996 నవంబర్ 1న ముంబై అంధేరీ స్టేడియంలో కచేరీ జరిగింది. శివసేనకు అనుబంధంగా రాజ్ ఠాక్రే నడిపిన శివ్ ఉద్యోగ్ సేన కోసం పెట్టిన కార్యక్రమమది. పాశ్చాత్య సంస్కృతిని దుయ్యబట్టే శివసేన జాక్సన్‌కు ఎర్ర తివాచీ పరచడం ఒక వింత అయితే, ప్రభుత్వం ఇచ్చిన వినోద పన్ను మినహాయింపు కోర్టుకెక్కి ఏళ్లతరబడి నలగడం ఇంకో వింత. తెలుగువాళ్లకు అప్పటికే జాక్సన్ పాత చుట్టం. 1985లో ‘దొంగ’ సినిమాలో చిరంజీవి ‘గోలీమార్’ అంటూ దయ్యాల మధ్య ఆడింది ‘థ్రిల్లర్’ వీడియోను చూసుకునే. ముంబైకి వెళ్లినవాళ్లు ఆశించినదీ ఆ పాత జాక్సన్‌నే. కచేరీ మాత్రం ‘స్క్రీమ్’తో మొదలయ్యేది.

అమ్మకాల లెక్కలోనూ ఒక తమాషా ఉంది. అమెరికా రికార్డు పరిశ్రమ సంఘం వంద నిమిషాలు దాటిన జంట ఆల్బంలో ఒక్కో డిస్కును ఒక్కో యూనిట్‌గా లెక్కిస్తుంది. అప్పట్లో ‘హిస్టరీ’కి 70 లక్షలకు ధ్రువీకరణ పత్రం వచ్చిందంటే నిజంగా దుకాణాలకు చేరిన పెట్టెలు 35 లక్షలన్నమాట. ‘థ్రిల్లర్’ రాజుకు ఇది చిన్న సంఖ్యే. అయితే రెండో సీడీలోని ‘యూ ఆర్ నాట్ అలోన్’ బిల్‌బోర్డ్ హాట్ 100 పాటల చార్టులోకి నేరుగా మొదటి స్థానంలో అడుగుపెట్టింది. ఆ చార్టు చరిత్రలో అలా జరగడం అదే మొదటిసారి. బ్రిటన్‌లో అదే సీడీలోని ‘ఎర్త్ సాంగ్’ ఆరు వారాలు పైనే కూర్చుంది. కొత్త పాటలు పాతవాటి నీడలో బతకలేదనడానికి ఈ రెండూ చాలు.

ఆ తర్వాత కంపెనీ మళ్లీ పాత దారికే వచ్చింది. 1997లో ఐదు కొత్త పాటలకు ఎనిమిది రీమిక్సులు జోడించి ఇంకో ఆల్బం. 2003లో మొదటి స్థానం పాటలంటూ హిట్లను పోగేసి, వాటికి కొత్తది ఒకే ఒక్కటి కలిపి ‘నంబర్ వన్స్’. అది అమెరికాలో విడుదలైన నవంబర్ 18నే పోలీసులు ఆయన నెవర్‌ల్యాండ్ ఇంట్లో సోదాకు దిగారు. వీటికి మధ్యన, 2001లో, ‘హిస్టరీ’ పెట్టెను విడగొట్టారు. మొదటి సీడీని మాత్రమే ‘గ్రేటెస్ట్ హిట్స్’ అని మళ్లీ అమ్మకానికి పెట్టారు. ఏ పాటలను వినిపించడానికి ఆ హిట్లను ముందు నిలబెట్టారో, ఆ పాటలు లేకుండా హిట్లు మాత్రమే మిగిలాయి.

అలా వదిలేసిన రెండో సీడీలో చిట్టచివరిది ‘స్మైల్’. చార్లీ చాప్లిన్ 1936లో తన సినిమాకు కట్టిన బాణీ, 1954లో మాటలు తొడుక్కున్న పాట. 2009 జూలై 7న లాస్ ఏంజెలిస్‌లో జాక్సన్ సంస్మరణ సభలో అన్న జెర్మెయిన్ వేదికెక్కి పాడింది దాన్నే.