ఆ ఫారంలో భర్త సంతకానికి చోటే లేదు: అబార్షన్‌పై అపోహలు - వాస్తవాలు

అపోహ: భర్త ఒప్పుకుంటేనే అబార్షన్ చేస్తారు.

రెండేళ్ల కిందట విశాఖ జాలరిపేట నుంచి ఒకావిడ ఫోన్ చేసింది. ఇద్దరు పిల్లలున్నారు, మళ్లీ నెల తప్పింది. "మా ఆయన సంతకం కావాలంతన్నారక్కా. ఆయన ఏటకెల్లాడు, బోటు ఎప్పుడొస్తాదో ఏటో" అంది.

పద్దెనిమిదేళ్లు నిండిన స్త్రీకి తన సంతకం ఒక్కటే చాలు. ఆవిడతో వెళ్లి, అబార్షన్‌కు సమ్మతి తెలిపే ఫారం-సి అడిగి తీసుకుని కౌంటర్ మీద పరిచాను. పేరు, ఫలానా వారి కూతురు లేదా భార్య, వయసు, చిరునామా, కింద ఆమె సంతకం. అంతే. మైనరైతేనో, మానసిక అనారోగ్యం ఉంటేనో సంరక్షకులు సంతకం చేయాలి. చివరికి ఆస్పత్రివాళ్లు ఒప్పుకున్నారు గానీ, అప్పటికే పది రోజులు పోయాయి. ఇన్నేళ్లుగా నేను కొట్లాడుతున్నది అలా పోయే రోజుల గురించే.

అపోహ: నెల తప్పిన రోజు నుంచి వారాలు లెక్కపెడతారు.

కాదు, ఆఖరి నెలసరి మొదటి రోజు నుంచి. నెల తప్పిందని తెలిసేసరికే నాలుగు వారాలు దాటిపోతాయి. అందుకే బస్తీ మీటింగుల్లో, గోడ క్యాలెండర్లో పాల లెక్క పక్కనే ఆ తేదీకీ ఒక చుక్క పెట్టుకోండమ్మా అని చెబుతాను. 20 వారాల వరకు ఒక డాక్టరు అభిప్రాయం చాలు. 20 నుంచి 24 వరకు ఇద్దరు డాక్టర్లు చెప్పాలి. అది కూడా అత్యాచారానికి గురైనవారు, మైనర్లు, కడుపుతో ఉండగా భర్త పోయినవారు, విడాకులైనవారు, వైకల్యం ఉన్నవారు వంటి కొందరికే. ఆపైన పిండంలో తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చాలి. తల్లి ప్రాణం మీదకొస్తే మాత్రం ఈ గడువులేవీ అడ్డు రావు.

అపోహ: అబార్షనే నేరం.

స్కానింగ్ సెంటర్ గోడ మీది బోర్డు చూసి చాలామంది ఇలా అనుకుంటారు. ఆ బోర్డు లింగ నిర్ధారణ గురించి, 1994 చట్టం ప్రకారం పెట్టింది. ఆడపిల్లని తెలుసుకుని కడుపు తీయించడాన్ని మేమూ ఒప్పుకోం. అబార్షన్ చట్టం వేరే. అది 1971లో వచ్చి, 1972 ఏప్రిల్ 1 నుంచి అమలవుతోంది.

అపోహ: పెళ్లికానివాళ్లకు హక్కు లేదు.

ఉంది. 2021 సవరణ 'భర్త' అన్న చోట 'భాగస్వామి' అని మార్చింది. 20-24 వారాల గడువు పెళ్లికానివాళ్లకూ వర్తిస్తుందని 2022 సెప్టెంబర్ 29న సుప్రీంకోర్టు చెప్పింది. అబార్షన్ చేయించుకున్న స్త్రీ పేరు బయటపెట్టిన డాక్టరుకు ఏడాది దాకా జైలుశిక్ష పడవచ్చు.

అపోహ: మందుల షాపులో మాత్రలు కొనేసుకుంటే సరిపోతుంది.

నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. మాత్రలు తొమ్మిది వారాల లోపే, డాక్టరు రాసిస్తేనే వాడాలి. గర్భం ట్యూబులో నిలిచి ఉంటే ఈ మాత్రలు పనిచేయవు, ట్యూబు పగిలితే ప్రాణమే పోవచ్చు. గంటకు రెండు ప్యాడ్ల చొప్పున వరుసగా రెండు గంటలు తడిసిపోతుంటే తెల్లారేదాకా ఆగకండి. విశాఖలోనైతే ఘోషా ఆస్పత్రికో, కేజీహెచ్‌కో (కింగ్ జార్జ్ ఆస్పత్రి) వెంటనే వెళ్లండి.

"చట్టం ఉందిగా, ఇంకా దేనికమ్మా పోరాటం?"

చట్టం ఉన్నా ఆఖరి మాట ఇప్పటికీ డాక్టరుదే, ఆమెది కాదు. చట్టం గీసిన గీత దాటితే భారతీయ న్యాయ సంహిత 88వ సెక్షన్ కింద కడుపు తీయించుకున్న స్త్రీ కూడా నేరస్తురాలే. ఆ సెక్షన్ నుంచి ఆమెను తప్పించాలి, తొలి వారాల్లో ఆమె అడిగితే చాలు చేయాలి అన్నది మా డిమాండ్.

జాలరిపేట ఆవిడ మొన్న తన ఆడపడుచును వెంటబెట్టుకుని వచ్చింది. ఫారం-సి జిరాక్సు ఆవిడ చేతిలోనే ఉంది.