ఆసుపత్రిలో మాత్రమే పెరిగే బీపీ: అపోహలు, వాస్తవాలు

"ఇంట్లో బాగానే ఉంటుందండీ, మిమ్మల్ని చూస్తేనే బీపీ పెరుగుతుంది." ఓపీలో ఈ మాట వినని రోజు దాదాపు ఉండదు. కొందరి విషయంలో ఇది అక్షరాలా నిజం. మరికొందరి విషయంలో నిజం కాదు, ఆ నమ్మకం మీదే వాళ్లు ఏళ్లు గడిపేస్తారు. ఎవరు ఏ కోవలోకి వస్తారో ముఖం చూసి చెప్పడం ఏ డాక్టరు వల్లా కాదు. బయట కొలిస్తేనే తేలుతుంది. బీపీ మందులు వాడని వ్యక్తికి ఆసుపత్రిలో పదేపదే 140/90 లేదా అంతకు మించి వచ్చి, ఇంట్లో సగటు 135/85 కంటే తక్కువ ఉంటే దాన్ని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ అంటాం.

అపోహ: నాకు డాక్టర్లంటే భయం లేదు, కాబట్టి నాది ఈ రకం కాదు.

భయపడుతున్నట్లు మనసుకు తెలియాల్సిన పని లేదు. 1983లో ఇటలీలో జుసెప్పే మాన్చియా బృందం ఆసుపత్రిలో చేరినవారి రక్తనాళంలోనే సన్నని గొట్టం ఉంచి, పట్టీ అవసరం లేకుండా బీపీని నిరంతరం నమోదు చేసింది. డాక్టరు మంచం దగ్గరికి వచ్చి బీపీ చూడటం మొదలుపెట్టగానే పై సంఖ్య సగటున 27, కింది సంఖ్య 15 దాకా పెరిగాయి. ఇదంతా మొదటి నాలుగు నిమిషాల్లోపే జరిగింది. పది నిమిషాలయ్యేసరికి చాలావరకు దిగిపోయింది. తర్వాత అదే బృందం నర్సుతో కొలిపిస్తే పెరుగుదల బాగా తగ్గింది. అడ్రినలిన్ విడుదల కావడం, గుండె వేగంగా కొట్టుకోవడం, రక్తనాళాలు బిగుసుకోవడం మన అనుమతి అడిగి జరిగేవి కావు. పరిచయమున్న డాక్టరు దగ్గరా ఇదే జరగవచ్చు. అందుకే "ఎందుకండీ అంత టెన్షన్?" అని రోగిని మందలించడం నాకు నచ్చదు. దానివల్ల రెండో రీడింగు ఇంకా పెరుగుతుంది.

అపోహ: ఒక్కసారి ఎక్కువ వచ్చినా మాత్ర మొదలుపెట్టాల్సిందే.

ఆసుపత్రిలో బీపీ ఎక్కువగా కనిపించేవారిలో సుమారు 15 నుంచి 30 శాతం మందికి బయట మామూలుగానే ఉంటుంది. కాబట్టి నిర్ధారణ చేసుకునే దాకా ఆగవచ్చు. 180/120 స్థాయిలో ఉంటే, లేదా ఛాతీ నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చేయి, కాలు బలహీనపడటం వంటివి ఉంటే మాత్రం ఆగకూడదు. ఆ లక్షణాలతో వచ్చిన బీపీని భయం ఖాతాలో వేయడం ప్రాణాంతకం.

అపోహ: ఆందోళన వల్లే కాబట్టి పట్టించుకోనక్కర్లేదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఈ నమ్మకమే. 27 అధ్యయనాలను కలిపి 2019లో వెలువరించిన ఒక విశ్లేషణలో, చికిత్స తీసుకోని వైట్ కోట్ హైపర్‌టెన్షన్ ఉన్నవారికి గుండెపోటు, పక్షవాతం వంటి ముప్పు మామూలు బీపీ ఉన్నవారికంటే 36 శాతం ఎక్కువగా కనిపించింది. అసలైన బీపీ ఉన్నవారితో పోలిస్తే ఇది తక్కువే, కానీ సున్నా కాదు. పైగా వీరిలో చాలామందికి కొన్నేళ్లలో ఇదే అసలైన బీపీగా మారిపోతుంది. అందువల్ల వెంటనే మాత్ర అవసరం లేకపోయినా ఊరగాయలు, అప్పడాలు, పెరుగన్నంలో పైన చల్లుకునే ఉప్పు తగ్గించాలి, నడవాలి, బరువు చూసుకోవాలి, షుగరు, కొలెస్ట్రాల్ పరీక్షలు చేయించుకోవాలి. ఏడాదికి ఒకసారైనా ఇంటి రీడింగులు మళ్లీ తీయాలి.

అపోహ: ఆసుపత్రిలో నార్మల్ వస్తే ఇక నిశ్చింత.

దీనికి సరిగ్గా వ్యతిరేకమైన స్థితి కూడా ఉంది. డాక్టరు దగ్గర 130/80, ఇంట్లోనో ఆఫీసులోనో 145/95. దీన్ని మాస్క్‌డ్ హైపర్‌టెన్షన్ అంటారు. దీని ముప్పు అసలైన బీపీకి దగ్గరగా ఉంటుంది. పొగ తాగేవారు, షుగరు ఉన్నవారు, పనిలో తీవ్రమైన ఒత్తిడి ఉన్నవారు ఇంట్లో కూడా కొలుచుకోవాలి.

అపోహ: ఇంటి మిషన్లను నమ్మకూడదు.

మోచేతికి పైన పట్టీ కట్టే, ప్రామాణిక పరీక్షల్లో నెగ్గిన డిజిటల్ మిషన్లను నమ్మవచ్చు. మణికట్టు మిషన్లను నేను సిఫారసు చేయను. అసలు తేడా వచ్చేది మిషన్‌లో కంటే కొలిచే పద్ధతిలో. లావు చేతికి చిన్న పట్టీ కడితే బీపీ లేనిది ఉన్నట్లు కనిపిస్తుంది. 2023లో అమెరికాలో చేసిన ఒక అధ్యయనంలో, అతి పెద్ద పట్టీ కావలసినవారికి మామూలు పట్టీ కడితే పై సంఖ్య సగటున 20 దాకా ఎక్కువ చూపించింది. అంటే భయం తప్పేమీ లేకుండానే ఒక మనిషి బీపీ రోగి అయిపోతాడు! చొక్కా చేయి మీద పట్టీ కట్టడం, మాట్లాడుతూ ఉండటం, కాలు మీద కాలు వేసుకోవడం, మూత్రం ఆపుకోవడం, చేయి గాలిలో వేలాడటం కూడా ఇలాంటివే. మెట్లెక్కి వచ్చిన వెంటనే కొలవడమూ అంతే.

అరగంట ముందు నుంచి కాఫీ, టీ, సిగరెట్ వద్దు. కుర్చీలో వీపు ఆనించి, పాదాలు నేలకు తాకేలా ఐదు నిమిషాలు మౌనంగా కూర్చోండి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద ఆనించండి. మాత్రలు వాడుతుంటే ఉదయం అవి వేసుకోకముందే చూసుకోండి. ఉదయం రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, మధ్యలో నిమిషం విరామంతో, వారం రోజులు కొలవండి. మొదటి రోజువి వదిలేసి మిగతావాటి సగటు తీయండి. నచ్చని సంఖ్యలను కాగితం మీద రాయకుండా వదిలేయకండి. ఇంకా సందేహం ఉంటే, 24 గంటలు ఒంటికి ఉంచి 20, 30 నిమిషాలకోసారి కొలిచే ఏబీపీఎం పరీక్ష ఉంది. అది నిద్రలో బీపీని కూడా చూపిస్తుంది.

అపోహ: వచ్చే ముందు నిద్రమాత్ర వేసుకుంటే సరి.

వద్దు. రీడింగు దిగినా నిజం దాగిపోతుంది. పెద్దవారిలో తూలిపడే ప్రమాదం, అలవాటుగా మారే ప్రమాదం రెండూ ఉన్నాయి.

అపోహ: ఇప్పటికే మాత్రలు వాడేవారికి ఇది వర్తించదు.

వారికే ఎక్కువ జాగ్రత్త కావాలి. ఆసుపత్రి సంఖ్యను మాత్రమే చూసి మోతాదు పెంచుకుంటూ పోతే ఇంట్లో బీపీ మరీ పడిపోతుంది. డెబ్బై దాటిన అమ్మమ్మకు తెల్లవారుజామున మంచం దిగగానే కళ్లు తిరుగుతున్నాయంటే, ముందు ఆమె ఇంటి రీడింగులు చూడాలి, నిలబెట్టి కూడా బీపీ కొలవాలి. అలాగని మాత్ర మీరే ఆపకండి, మోతాదు మీరే తగ్గించకండి. వారం రీడింగుల కాగితంతో పాటు మీ మిషన్‌ను కూడా ఒకసారి మీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడి మిషన్‌తో పోల్చి చూపించమని అడగండి.