వచన కవితకు లయ ఎక్కణ్ణుంచి వచ్చింది: సీమ చెప్పే పాత కథ

కడపలో కవిసమ్మేళనమైతే ఛందస్సు లేని వచన కవిత మీద పాత ఫిర్యాదు ఒకటి వినబడుతూనే ఉంటుంది: "వచనాన్నే ముక్కలు చేసి రాసినారు, కవిత్వం యాడుంది?" చాలాసార్లు ఆ మాట నిజమే. అయితే తప్పు వచనానిది కాదు, చెవితో పని లేకుండా రాయడానిది.

ఈ నేలకు వచనం కొత్తేం కాదు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో దొరికిన రేనాటి చోళుల శాసనం సుమారు క్రీ.శ. 575 నాటిది. అదీ వచనమే, కాకపోతే రాజుల వ్యవహారం. అన్నమయ్య కొడుకు పెదతిరుమలాచార్యుల నాటికి వచనం భక్తుడి మొర అయింది. వేంకటేశ్వరుణ్ణి పిలుస్తూ ఆయన రాసిన వచనాలకు పద్యపాదాన్ని కొలిచే గణాల లెక్క లేదు, పిలుపే వాటికి నడక.

పద్యంలో మాట నడకను పట్టినవాడు వేమన. ఆయన సమాధి కదిరి దగ్గర కటారుపల్లిలో ఉందంటారు. "ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు" అన్న పాదంలో గణాలు మాటల్ని మధ్యలో కోస్తాయి. తర్వాతి పాదం చూడండి: చూడ, చూడ, రుచుల, జాడ, వేరు. ఐదు సూర్యగణాలు, ఐదు మాటలు. ఒక్కో మాట ఒక్కో గణం, ఒక్కోదానికి మూడే మాత్రలు (పలకడానికి పట్టే కాలం లెక్క: లఘువుకు ఒకటి, గురువుకు రెండు). అందుకే ఆ పాదం పద్యంలా కాక ఎవరో ఎదురుగా నిలబడి చెప్పినట్టు ఉంటుంది. ఛందస్సును వదిలేసిన నేటి కవులు వేమన దగ్గర నేర్చుకోవలసింది ఇదేనని నా నమ్మకం.

1910లో గురజాడ ముత్యాల సరాలు, బిగువైన గణాల లెక్కతో నడిచే వృత్తాల పట్టు సడలించాయి. 1939లో పఠాభి ఫిడేలు రాగాల డజన్‌తో పద్యం మీదే తిరగబడ్డాడు. 1950లో పుస్తకంగా వచ్చిన మహాప్రస్థానం మాత్రాఛందస్సుకు కొత్త ఊపు తెచ్చింది. ఆ తర్వాత కుందుర్తి వచన కవితను ఉద్యమంగానే నడిపాడు. ఇక్కడ మాత్రం పుట్టపర్తి శివతాండవం, విద్వాన్ విశ్వం పెన్నేటి పాట జనం చెవుల్లో మోగుతూనే ఉన్నాయి. అవి వచన కవితలు కావు. కానీ పైకి చదివితేనే కవిత్వం అన్న అలవాటును సీమలో నిలబెట్టాయి.

ఆ అలవాటు తగ్గినచోటే చిక్కు. "వర్షాలు లేకపోవడంతో రైతులు ఆందోళన చెందుతున్నారు" అన్న వాక్యాన్ని నాలుగు పంక్తులుగా విరిచినా అది పేపర్ వార్తే. అనంతపురం రైతు నోట అదే సంగతి ఇట్లా వస్తుంది: "వాన ల్యా, పంట ల్యా, ఇంగ యాడికి పోవల్ల?" మొదటి రెండు తునకలూ ఒకే తూకం, ఐదేసి మాత్రలు. మూడోది పొడుగ్గా సాగి ప్రశ్నలో ఆగుతుంది. పంక్తి ఎక్కడ విరవాలో ఊపిరే చెబుతోంది. పైగా తెలుగు వాక్యం మామూలుగా క్రియతో ముగుస్తుంది కాబట్టి ప్రతి పంక్తీ "తున్నాడు, తున్నాడు" అంటూ పోతే విసుగొస్తుంది. రైతు మాటలో "పోవల్ల" ఒక్కసారే వచ్చింది, అదీ చిట్టచివర.